జహంగీర్ రాశి మొహర్లు: బంగారం మీద అచ్చువేసిన నెల

మొఘల్ చక్రవర్తి జహంగీర్ కాలం నాటి రాశి మొహర్ (మొహర్ అంటే బంగారు నాణెం) వెడల్పులో ఇంచుమించు ఇప్పటి రూపాయి బిళ్ళంత ఉంటుంది. బరువు మాత్రం దానికి మూడు రెట్లు, దాదాపు 10.9 గ్రాములు. పాత తులం లెక్కలో చూస్తే తులానికి ముప్పావు గ్రాము తక్కువ. ఒక వైపు పారసీ అక్షరాలు అల్లుకుపోయి ఉంటాయి. రెండో వైపు ఒక మేషమో, వృషభమో, సింహమో ఉంటుంది. ఆ జంతువు వీపు వెనుక నుంచి సూర్యుడు కిరణాలు విప్పుకుని పైకి వస్తుంటాడు. పన్నెండు రాశులకూ ఇలాంటి నాణేలు ఉన్నాయి. భారతదేశంలో ముద్రించిన బంగారు నాణేల్లో సేకర్తలు అత్యంత ఇష్టంగా వెతికేవాటిలో ఇవి ముందుంటాయి.

వీటిని అందమైన బొమ్మల నాణేలుగానో, జాతకాలకు సంబంధించిన తాయెత్తులుగానో చూడటం అలవాటైపోయింది. ఈ రెండు చూపుల్లోనూ అసలు విషయం జారిపోతుంది. ఆ బొమ్మ నాణేనికి వేసిన తేదీ. నాణెం ఏ నెలలో ముద్రపడిందో చెప్పడానికే అక్కడ ఉంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే నాణెం చదవడం దగ్గర నుంచి నకిలీని పట్టుకోవడం దాకా చాలా పనులు తేలికవుతాయి.

ఆ ఆలోచన ఎలా వచ్చిందో జహంగీర్ తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. పాలన 13వ ఏట, అంటే 1618లో, ఆయన గుజరాత్‌లోని అహ్మదాబాద్‌లో ఉన్నాడు. అంతకుముందు నాణేనికి ఒక వైపు తన పేరు, మరో వైపు ఊరి పేరు, నెల, పాలనా సంవత్సరం వేసేవారట. నెల పేరు రాసే బదులు ఆ నెలకు చెందిన రాశి బొమ్మే వేస్తే బాగుంటుందని తోచిందట. ఫర్వర్దీన్ నెలకు పొట్టేలు, ఉర్దీబిహిష్త్ నెలకు ఎద్దు, అలా ఏ నెలలో కొట్టిన నాణెం మీద ఆ నెల రాశి ఉండాలి, అందులోంచి సూర్యుడు వెలువడుతున్నట్టు కనపడాలి అన్నది ఆజ్ఞ. ఈ పద్ధతి నా సొంతం, ఇంతవరకు ఎవరూ చేయలేదు అని కూడా గర్వంగా చెప్పుకున్నాడు.

వెండి రూపాయలు ఎక్కువగా అహ్మదాబాద్‌లోనే, ఆ 1618లోనే వచ్చాయి. ఆ ముచ్చట త్వరగానే ముగిసింది. బంగారు మొహర్లు మాత్రం ఆగ్రా టంకశాల నుంచి 1619 మొదలు 1625 దాకా వస్తూ పోయాయి. వాటి మీది పారసీ ద్విపద భావం ఇది: అక్బర్ షా కుమారుడు జహంగీర్ షా వల్ల ఆగ్రాలో బంగారపు మోముకు అలంకారం దక్కింది.

నెలకు రాశి ఎలా కుదిరిందో తెలియాలంటే అక్బర్ కాలానికి వెళ్ళాలి. మొఘలులు వాడిన ఇస్లామిక్ పంచాంగం హిజ్రీ పూర్తిగా చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. ఏడాదికి 354 రోజులు, కొన్నేళ్ళలో 355. మన చాంద్రమానంలో ఆ తేడా సర్దడానికి అధిక మాసం ఉంటుంది. హిజ్రీలో అది లేదు. అందుకే హిజ్రీ నెలలు ఋతువులతో సంబంధం లేకుండా ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతుంటాయి. పంట చేతికొచ్చే కాలానికి శిస్తు వసూలు చేయాల్సిన సర్కారుకు ఇది పెద్ద తలనొప్పి. 1584లో అక్బర్ సూర్యుణ్ణి అనుసరించే ఇలాహీ పంచాంగాన్ని తెచ్చాడు. దాన్ని రూపొందించిన ఫతుల్లా షిరాజీ అంతకుముందు దక్కన్‌లో, బీజాపూర్ దర్బారులో ఉన్న పండితుడు. ఆ పంచాంగంలో ఏడాది వసంత విషువత్తుతో, అంటే మార్చి 20, 21 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుతో మొదలవుతుంది. నెలల నిడివి 29 నుంచి 32 రోజుల దాకా మారుతుంది. భూమి జూలై మొదట్లో సూర్యుడికి అన్నిటికంటే దూరంగా ఉంటుంది కాబట్టి ఆ దరిదాపుల్లో సూర్యుడు ఒక రాశి దాటడానికి 31 రోజులకు పైగా తీసుకుంటాడు. జనవరి ప్రాంతంలో 29 రోజుల చిల్లరే చాలు. అంటే ఇలాహీ నెల అనేది సూర్యుడు ఒక రాశిలో గడిపే కాలం. నెల పేరు తీసేసి రాశి బొమ్మ పెట్టడంలో జహంగీర్ చేసిన మార్పు పైకి కనిపించేంత విపరీతమైనదేమీ కాదు. పంచాంగంలో లోపల ఉన్న లెక్కను బొమ్మగా పైకి తెచ్చాడు, అంతే.

బొమ్మ వెనుక సూర్యుడు ఎందుకున్నాడో కూడా ఇక్కడే తేలిపోతుంది. మామూలు రాశిచక్రాల్లో జంతువు మాత్రమే ఉంటుంది, కొన్నిట్లో నక్షత్రాల చుక్కలుంటాయి. ఇక్కడ చూపించేది రాశి ఒక్కటే కాదు, ఆ రాశిలో సూర్యుడు ఉన్న కాలం. మనం సంక్రమణం అని పిలిచే సంగతికి ఇది బంగారు చిత్రం. నెలలన్నీ చంద్రుణ్ణి బట్టి లెక్కేసే తెలుగువాళ్ళు కూడా సంక్రాంతిని మాత్రం సూర్యుణ్ణి బట్టే చేసుకుంటారు కాబట్టి ఈ నాణెం భావం మనకు చప్పున అందుతుంది.

అయితే ఆ మకరం, మన మకరం ఒక్కటి కాదు. జహంగీర్ మొహర్ మీది మకరం డిసెంబర్ 21, 22 ప్రాంతంలో, పగలు మళ్ళీ పెరగడం మొదలయ్యే రోజున మొదలవుతుంది. ఇది సాయన పద్ధతి. మన పంచాంగాలు నక్షత్రాలను ఆధారం చేసుకున్న నిరయన పద్ధతిలో నడుస్తాయి. భూమి అక్షం బొంగరంలా నెమ్మదిగా తూలుతూ ఉండటం వల్ల విషువత్ బిందువు సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున నక్షత్రాల మధ్య వెనక్కి జరుగుతుంది. ఇప్పుడు రెండు పద్ధతుల మధ్య దూరం 24 డిగ్రీలు, రోజుల్లో చెప్పాలంటే మూడు వారాలకు పైమాట. మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో రావడానికి కారణం అదే. 1618 నాటికి ఆ దూరం సుమారు 18 డిగ్రీలు. ఆ ఏడాది మార్చి 20న ఆగ్రాలో మేషం నెల మొదలైనప్పుడు సూర్యుడి వెనుక ఉన్న నక్షత్రాలు నిజానికి మీనానివి. ఆకాశంలో చూస్తే పొట్టేలు ఇంకా దూరంగానే ఉంది.

ఈ తేడాను చెప్పి తీరాల్సిన కారణం ఒకటుంది. ఈ మొహర్ల నమూనాలను, వాటిని చూసి చేసిన బంగారు, వెండి బిళ్ళలను ‘మీ రాశి నాణెం’ అంటూ అమ్ముతుంటారు. తెలుగింట్లో ఎవరినైనా నీ రాశి ఏమిటని అడిగితే చెప్పేది జన్మరాశి, అంటే పుట్టినప్పుడు చంద్రుడు ఉన్న రాశి, అదీ నిరయన లెక్కలో. మొహర్ మీద ఉన్నది సూర్యుడి రాశి, సాయన లెక్కలో. సింహరాశి వాళ్ళమని సింహం బొమ్మ నాణెం కొనుక్కుంటే గ్రహమూ మారిపోయింది, లెక్కా మారిపోయింది. ఆ నాణెం జూలై చివర, ఆగస్టులో ఆగ్రాలో బంగారం కొట్టారని మాత్రమే చెబుతోంది. దాన్ని ఇష్టపడి కొనుక్కోవడానికి ఆ మాట చాలదా? కొన్నవాళ్ళ జాతకంతో దానికి పనిలేదు.

జహంగీర్‌కు జ్యోతిషం మీద నమ్మకం లేదని దీని అర్థం కాదు. జోతిక్ రాయ్ అనే జ్యోతిష్కుడు చెప్పిన జోస్యం నిజమైందని ఆయన్ను నాణేలతో తూచి, ఆ సొమ్ము ఇచ్చేశాడు. చక్రవర్తి తానే ఏటా రెండుసార్లు తులాభారం తూగేవాడు, ఒకటి సౌరమానం పుట్టినరోజున, రెండోది చాంద్రమానం పుట్టినరోజున. రాశి నాణేలు మొదలైన ఆ 1618లోనే నవంబర్‌లో పెద్ద తోకచుక్క కనిపించింది. ఐరోపాలో కెప్లర్ లాంటివాళ్ళు పట్టిపట్టి గమనించిన తోకచుక్కే అది. తెల్లవారుజామున ఆకాశంలో స్తంభంలా లేచిన వెలుగును జహంగీర్ కూడా తన పుస్తకంలో నమోదు చేశాడు. ఆకాశంలో ఏం జరిగినా తేదీతో సహా రాసి పెట్టుకునే మనిషి నాణేనికి ఇలాంటి తేదీ వేయించడంలో వింత లేదు.

ఇంతకుముందు ఎవరూ చేయలేదన్న ఆయన మాట సగం నిజం. 1240ల్లోనే అనటోలియాలో, అంటే ఇప్పటి టర్కీలో, సెల్జుక్ సుల్తాను రెండో కైఖుస్రౌ వెండి దిర్హంల మీద సింహం, దాని వీపు మీదుగా సూర్యుడు ఉన్నాయి. సింహరాశి సూర్యుడికి స్వక్షేత్రం కావడం ఆ బొమ్మకు మూలం అంటారు. మార్దిన్‌ను ఏలిన అర్తుకీలు రాగి నాణేల మీద ధనుస్సు రాశి విలుకాణ్ణి వేశారు. పన్నెండు రాశులనూ వరసగా, నెల మారినప్పుడల్లా అచ్చు మారుస్తూ, రాజ్యం చెలామణీ చేసే బంగారం మీదికి ఎక్కించిన ఘనత మాత్రం జహంగీర్‌దే.

బొమ్మల దగ్గర కాసేపు ఆగాలి. ఆగ్రా మొహర్ల మీది వృషభం గ్రీకు నమూనా ఎద్దు కాదు. మూపురం ఉన్న మన నాటు ఎద్దు, తల వంచి దూకబోతున్నట్టు ఉంటుంది. సింహం నోరు తెరిచి నడుస్తుంటే దాని వీపు వెనుక సూర్యబింబం సగం పైకొచ్చి ఉంటుంది. కన్య ఒక్కో అచ్చులో ఒక్కో తీరు. రెండు సెంటీమీటర్ల బంగారం మీద ఇంత కండ, ఇంత కదలిక పలికించాలంటే ఉక్కు అచ్చును తిరగేసి చెక్కాలి. ఆ చెక్కినవారి చేయి మొఘల్ చిత్రకారుల చేతికి తీసిపోదు. ఒకే రాశికి ఏళ్ళ తరబడి వేర్వేరు అచ్చులు తయారయ్యాయి కాబట్టి రెండు సింహాలు అచ్చం ఒకేలా ఉండాలని లేదు. సేకర్తల వాదోపవాదాల్లో సగం ఈ తేడాల మీదే నడుస్తాయి.

ఈ నాణేల చుట్టూ ఒక కథ అల్లుకుంది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే రాసిన ప్రకారం నూర్జహాన్ ఒక్కరోజు పాటు తనకు రాజ్యాధికారం ఇమ్మని భర్తను ఒప్పించి, ఆ 24 గంటల్లోనే ఈ రాశి నాణేలన్నీ కొట్టించిందట. వినడానికి బాగుంటుంది కాబట్టే ఇప్పటికీ తిరుగుతోంది. నాణేలే దాన్ని కొట్టిపారేస్తాయి. వాటి మీద హిజ్రీ 1027 నుంచి 1034 దాకా సంవత్సరాలున్నాయి, రెండు వేర్వేరు నగరాల టంకశాలల పేర్లున్నాయి. నూర్జహాన్ పేరుతో నాణేలు రావడం వేరే చరిత్ర, అది జహంగీర్ పాలన చివరి ఏళ్ళలో నిజంగానే జరిగింది. ఆమెకు దక్కాల్సిన గుర్తింపు అక్కడుంది. ఒక్కరోజు రాణి కథ ఆ గుర్తింపుకు చేసే మేలేమీ లేదు.

1628లో గద్దెనెక్కిన షాజహాన్ నాణేల మీదికి మళ్ళీ కలిమాను, అంటే ఇస్లాం విశ్వాస వాక్యాన్ని, తెచ్చాడు. తండ్రి బొమ్మల నాణేలను వెనక్కి రప్పించి కరిగించమన్నాడని, దగ్గర పెట్టుకున్నవాళ్ళకు కఠిన శిక్ష ఉంటుందని ప్రకటించాడని చెబుతారు. ఆ ఆజ్ఞ ఎంత కచ్చితంగా అమలైందన్నది పక్కన పెట్టినా, బంగారు నాణేనికి కరిగిపోయే గండం ఎప్పుడూ ఉంటుంది. తూకానికి విలువున్న వస్తువు అవసరం రాగానే కొలిమిలోకి పోతుంది. మిగిలిన వాటిలో చాలా వాటికి కొలికి అతికించి మెడలో వేసుకున్నారు. అన్ని రాశులూ ఉన్న అసలు సెట్లు చాలా అరుదు. బ్రిటిష్ మ్యూజియంలో పన్నెండూ ఉన్నాయి.

గిరాకీ ఎక్కువ, సరుకు తక్కువ. అలాంటి చోట నకిలీలు పుట్టకుండా ఉండవు. రాశి మొహర్లకు తరవాతి శతాబ్దాల్లోనే అనుకరణలు వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. చిక్కు ఏమిటంటే వాటిలో చాలా వరకు నిజమైన బంగారంతోనే చేసినవి. నగల షాపులో మనం నమ్ముకునే పరీక్షలు ఇక్కడ సగం దాకే పనికొస్తాయి. నీళ్ళలో తూచే పద్ధతి చూడండి. మేలిమి బంగారం సాంద్రత 19.3. గాలిలో 10.9 గ్రాములు తూగే మొహర్ నీళ్ళలో వేలాడదీస్తే 10.33 గ్రాములు తూగాలి, తేడా 0.57 గ్రాములు. అదే బరువున్న 22 క్యారెట్ల బిళ్ళ అయితే తేడా 0.6 దాటుతుంది. మొఘల్ మొహర్లు దాదాపు మేలిమి కాబట్టి రాగి కలిపి పోతపోసిన నకిలీ ఇక్కడ దొరికిపోతుంది. మేలిమితోనే చేసిన నకిలీ దొరకదు. ఇక గీటురాయి మీద గీయడం అంటారా, పాత నాణేన్ని పొరపాటున కూడా గీయకూడదు. ఆ ఒక్క గీతతో సేకర్తల దృష్టిలో దాని విలువ పడిపోతుంది.

అసలు పట్టు దొరికేది తేదీల దగ్గరే. రాశి బొమ్మ నెలను చెబుతుంది. దానికి తోడు నాణెం మీద మామూలుగా హిజ్రీ సంవత్సరం, జహంగీర్ పాలనా సంవత్సరం అంకెల్లో ఉంటాయి. పాలనా సంవత్సరం సూర్యుడితో, హిజ్రీ సంవత్సరం చంద్రుడితో నడుస్తాయి. ఈ మూడూ ఒకదానితో ఒకటి ఒప్పుకోవాలి. ఇప్పటి క్యాలెండర్ లెక్కలో పాలన 13వ ఏడు 1618 మార్చి 20న మొదలైంది. హిజ్రీ 1027 ఆ ఏడాది డిసెంబర్ 18 దాకా ఉంది, మర్నాటి నుంచి 1028. కాబట్టి 13వ ఏట మేషం నుంచి ధనుస్సు దాకా 1027 ఉండాలి, ధనుస్సు చివరి రెండు మూడు రోజులకు మాత్రం 1028 చెల్లుతుంది. మకరం, కుంభం, మీనం నాణేల మీద 1028 ఉండాలి. 13, 1027, కుంభం మూడూ ఒకే నాణెం మీద కనిపిస్తే అలాంటి నెల కాలంలో లేనే లేదు.

ఈ హద్దు ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 16వ ఏట, అంటే 1621 మార్చి నుంచి 1622 మార్చి మధ్య, హిజ్రీ 1031 నవంబర్ 16న మొదలైంది. అప్పుడు మేషం నుంచి తుల దాకా 1030, ధనుస్సు నుంచి మీనం దాకా 1031. మధ్యలో ఉన్న వృశ్చికానికి రెండూ చెల్లుతాయి. బొమ్మను చూసి బొమ్మ, అంకెలను చూసి అంకెలు దించుకున్న నకిలీకారుడికి ఈ లెక్క తెలియకపోవచ్చు. ఒక నాణెం బొమ్మ వైపు, మరో నాణెం రాత వైపు కలిపి అచ్చు తీసినప్పుడు ఇలాంటి తప్పులు పుడతాయి. టంకశాలలో పాత అచ్చునే మరికొన్నాళ్ళు వాడిన సందర్భం ఉండొచ్చు కాబట్టి తేదీలు కుదరనంత మాత్రాన ఫేక్ అని తీర్పు చెప్పేయకూడదు. కుదిరినంత మాత్రాన అసలుదనీ కాదు. అచ్చు పోలిక, అంచు, బరువు, అది ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వచ్చిందన్న చరిత్ర అన్నీ చూడాలి. కాకపోతే ఇది పైసా ఖర్చు లేకుండా, ఫొటో చూసి చేయగలిగిన మొదటి పరీక్ష.

ధర విషయంలో ఒక గీత స్పష్టంగా గీసుకోవాలి. 1967లో దక్షిణాఫ్రికా క్రుగర్‌రాండ్‌తో మొదలైన ఆధునిక బులియన్ నాణేల (లోహం విలువ కోసమే కొనేవి) ధర బంగారం రేటును అంటిపెట్టుకుని నడుస్తుంది. దాని మీద కొద్దిపాటి అదనం, అంతే. రెండో రకం ఆధునిక సేకరణ నాణేలు. చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టి 50 ఏళ్ళయిన సందర్భంగా 2019లో అమెరికా టంకశాల తెచ్చిన 5 డాలర్ల బంగారు నాణెం వీటికి మంచి ఉదాహరణ. 8.359 గ్రాముల బరువు, 90 శాతం బంగారం. ఒక వైపు లోపలికి వంగి, చంద్రుడి నేల మీద బూటు ముద్రతో ఉంటుంది. రెండో వైపు ఉబ్బెత్తుగా, వ్యోమగామి హెల్మెట్ అద్దంలా ఉంటుంది. ఒక్కో నాణెం మీద 35 డాలర్ల అదనపు రుసుము మ్యూజియానికి, వ్యోమగాముల పేరిట ఉన్న సంస్థలకు వెళ్ళేలా చట్టమే చేశారు. 50,000కు మించి కొట్టకూడదని పరిమితి పెట్టారు. అక్కడ అరుదుదనం ముందే రాసుకున్నది. రాశి మొహర్లకు అరుదుదనం కొలిమి వల్ల, కాలం వల్ల వచ్చింది. వాటి ధరలో బంగారం వాటా చాలా చిన్నది. రేటు తులానికి ఐదు వేలు పెరిగినా తగ్గినా రాశి మొహర్ ధర దాన్ని పట్టించుకోదు. పొదుపు కోసం బంగారం కొనేవాళ్ళకు ఇది తగిన వస్తువు కాదు. కొలికి పెట్టి తీసేసిన టంకం మరక పైఅంచున కనిపిస్తే ధర గట్టిగా పడిపోతుంది. నునుపు చేసిన బొమ్మ, తోమి మెరిపించిన ఉపరితలం కూడా అంతే. నగకు మెరుపు గొప్ప కావచ్చు, పాత నాణేనికి మాత్రం అది గాయం.

జహంగీర్ బంగారానికి హైదరాబాద్‌తో ఒక బంధం ఉంది. 1613లో ఆగ్రాలో ఆయన ముద్రింపజేసిన వెయ్యి తులాల మొహర్, సుమారు 12 కిలోల బరువు, 20 సెంటీమీటర్ల వెడల్పు, చేతులు మారుతూ చివరికి నిజాం ఖజానాకు చేరింది. 1987లో అది జెనీవాలో వేలానికి వచ్చిందని తెలిసి సీబీఐ రంగంలోకి దిగింది. ఆ తరవాత దాని జాడ దొరకలేదు. పన్నెండు కిలోల బంగారు నాణెమే దేశం కళ్ళుగప్పి పోగలిగినప్పుడు పదకొండు గ్రాముల మొహర్ సంగతి చెప్పేదేముంది.

అందుకే చట్టం తెలిసి ఉండటం అవసరం. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. పురావస్తువుల వ్యాపారం చేసేవాళ్ళకు లైసెన్సు ఉండాలి. పొలంలోనో, పాత ఇంటి పునాదిలోనో బంగారు నాణేలు బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి. పది రూపాయల విలువ దాటిన ఏ నిధికైనా అదే నియమం. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు అక్కడి వేలాల్లో కొనదలుచుకుంటే ఆ నాణెం భారతదేశం నుంచి ఎప్పుడు, ఎలా బయటికి వెళ్ళిందో చూపే పాత వేలం కేటలాగులు, రసీదులు అడగాలి. ఆన్‌లైన్‌లో చూసి కొనేటప్పుడు బొమ్మ వైపు ఫొటో ఒక్కటీ పంపి సరిపెట్టే డీలర్‌ను ముందు రాత వైపు ఫొటో అడగండి. హిజ్రీ అంకెలు ఉండేది సాధారణంగా అటువైపే.